పొడపత్రి: నాలుక మీద నిజం, నెత్తుట్లో సగం నిజం

పొడపత్రి ఆకులు రెండు తీసుకుని మెత్తగా నమలండి. చేదుగా, కాస్త వగరుగా ఉంటాయి. పిప్పి ఊసేసి, నోరు పుక్కిలించి, ఒక నిమిషం ఆగి చెంచాడు పంచదార నోట్లో వేసుకోండి. పలుకులు గరగరలాడతాయి, కరుగుతాయి, గొంతులోకి జారతాయి. తీపి మాత్రం తగలదు. కమలాపండు తొన పెట్టుకుంటే ఒట్టి పులుపు. పంచదార వేసిన కాఫీ కషాయమైపోతుంది. అరగంటకో గంటకో నాలుక మళ్లీ మామూలవుతుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు నాలుక పాడైందేమోనని కంగారుపడి నాలుగు ఉప్పుపలుకులు కూడా వేసుకుని చూశాను. ఉప్పు ఉప్పులాగే ఉంది. పోయింది తీపి ఒక్కటే.

ఇది చూసిన ఎవరికైనా వెంటనే ఒక ఆలోచన వస్తుంది. నోట్లో పంచదారనే ఇలా చేసిన ఆకు, లోపలికి వెళ్తే షుగర్ జబ్బును ఏం చేస్తుందో! పార్కు గేటు దగ్గర పొద్దున్నే ఆకు రసాలు అమ్మే కుర్రాడికీ, యూట్యూబు వైద్యుడికీ, సంచీలో పొడులు పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషికీ పెట్టుబడి ఈ ఆలోచనే. పంచదార చప్పబడిపోవడం స్వయంగా చూశాక నమ్మకుండా ఉండటం కష్టం. ఎటొచ్చీ అవి రెండు వేర్వేరు సంగతులు. నాలుక మీద జరిగేదానికి తిరుగులేని ఆధారం ఉంది. రక్తంలో జరుగుతుందనే దానికి ఉన్నది కొంత ఆధారం, దానికి పదింతల ఆశ. మొదటిదాన్ని రెండోదానికి సాక్ష్యంగా చూపించడం దగ్గరే తిరకాసు మొదలవుతుంది.

ముందు మొక్క సంగతి. పొడపత్రి జిల్లేడు కుటుంబానికి చెందిన తీగ. శాస్త్రీయనామం జిమ్నెమా సిల్వెస్ట్రే. హిందీవాళ్లు గుడ్‌మార్ అంటారు, తమిళులు సిరుకురింజాన్ అంటారు. మధ్య, దక్షిణ భారతంలోని పొడి అడవుల్లో, మన తూర్పు కనుమల్లో పొదల మీదా చెట్ల మీదా అల్లుకుంటుంది. ఆకులు జంటలుగా, ఎదురెదురుగా, కోలగా ఉంటాయి. వేళ్లతో రాస్తే సన్నని నూగు తగులుతుంది. పూలు చిన్నవి, పసుప్పచ్చవి, గుత్తులుగా పూస్తాయి. కాయ సన్నగా మొనదేలి కొమ్ములా ఉంటుంది. ఆయుర్వేదంలో దీన్ని మేషశృంగి అంటారు. సుశ్రుత సంహితలో సాలసారాది గణంలో మేషశృంగి ఉంది, ఆ గణం మేహ రోగాలకు పనికొస్తుందనీ ఉంది. అయితే అక్కడ చెప్పిన మేషశృంగి ఈ తీగేనా, కొమ్ముల్లాంటి కాయలే కాసే మరో చెట్టా అనే వాదం పండితుల్లో ఉంది. కాబట్టి 'సుశ్రుతుడే చెప్పాడు' అని ప్యాకెట్ల మీద వేసుకునేవాళ్లు కొంచెం తొందరపడుతున్నట్టే.

నాలుక సంగతి మొదట రాతలోకి ఎక్కించినవాళ్లలో ఎడ్జ్‌వర్త్ అనే ఐరిష్ అధికారి ఒకడు. ఉద్యోగం ప్రభుత్వంలో, పిచ్చి మొక్కల మీద. ఈ ఆకు నమిలాక తాగిన టీలో పంచదార తెలియకపోవడం ఆయన గమనించాడు. అది పంతొమ్మిదో శతాబ్దం నడిమి కాలం. తరవాత 1887లో డేవిడ్ హూపర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆకులోంచి ఆ గుణమున్న పదార్థాన్ని విడదీసి జిమ్నెమిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. ఆయన పనిచేసింది ఊటీలో, సర్కారువారి సింకోనా వ్యవహారాల్లో. ఇప్పుడు మనకు తెలుసు, అది ఒకే పదార్థం కాదు. కుంకుడుకాయలో నురగ తెప్పించే సపోనిన్ల జాతికే చెందిన పదార్థాల గుంపు.

నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకం ఒకటుంది. టీ1ఆర్2, టీ1ఆర్3 అనే రెండు ప్రోటీన్లు కలిసి ఏర్పడిన జంట అది. పంచదార అయినా, శాకరిన్ అయినా, ఆస్పర్టేమ్ అయినా తీపి కబురు మెదడుకు చేరేది దాని ద్వారానే. జిమ్నెమిక్ ఆమ్లం పంచదార కూర్చునే చోటే కూర్చుని అడ్డుపడుతుందని చాలాచోట్ల రాస్తుంటారు. జపాన్ పరిశోధకులు 2014లో చూపించింది వేరు. అది కూర్చునేది గ్రాహకంలో మరో భాగంలో, కణం పొరలో దిగబడి ఉండే భాగంలో. పంచదార వచ్చి తన చోట తాను కూర్చుంటుంది, లోపలికి కబురు మాత్రం వెళ్లదు. బయట కాలింగ్ బెల్ నొక్కుతూనే ఉన్నారు, లోపల వైరు ఊడిపోయింది. అంతే జరిగేది.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది, దీన్ని గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. జిమ్నెమిక్ ఆమ్లం మనుషుల మీద, చింపాంజీల మీద పనిచేస్తుంది గానీ ఎలుకల మీద పనిచేయదు. వాటి గ్రాహకం అల్లిక వేరు. అదే ఆకులో గుర్మారిన్ అనే చిన్న ప్రోటీన్ ముక్క ఉంది, 35 అమైనో ఆమ్లాల పొడవు. అది ఎలుకల్లో తీపిని అణుస్తుంది, మన నాలుక మీద దాని ప్రభావం దాదాపు లేనట్టే. ఒకే ఆకు, ఒకే తీపి, జీవి మారేసరికి కథ మారిపోయింది.

సరే, నాలుక మీద తీపి చచ్చింది. దానివల్ల షుగర్ ఉన్న మనిషికి ఏమిటి లాభం? కొంత ఉంది. ఈ ఆకు సారంతో చేసిన బిళ్లలు చప్పరింపించి, తరవాత మిఠాయిలు ముందుపెట్టి చూసిన చిన్నచిన్న ప్రయోగాల్లో జనం తక్కువ తిన్నారు. తీపి తగలకపోతే రెండోది తీసుకోవాలనిపించదు కదా. తీపికి బానిసైనవాడికి ఇది నిజంగానే ఊతం.

కానీ మన ఇళ్లలో రక్తంలోకి చేరే చక్కెరలో మిఠాయి వాటా ఎంత? లడ్డూ, జాంగ్రీ పండక్కో పెళ్లికో. రోజూ రక్తంలో పడేది అన్నం, ఇడ్లీ, దోసె, ఉప్మా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా తిరిగి చేసిన ఇండియాబ్ సర్వే 2025లో తేల్చిన లెక్క ప్రకారం మనవాళ్లు తినే కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాలవే. అన్నం నాలుకకు తియ్యగా ఉండదు. అందువల్ల తీపిని చంపే ఆకు అన్నం జోలికి పోదు. ఆకు నమిలి మూడుసార్లు మారు వడ్డించుకుంటే ఆ మూడు వడ్డనలూ నిక్షేపంగా గ్లూకోజు అవుతాయి. నేను చూసినంతలో ఆకుల మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు పంచదార డబ్బాను శత్రువులా చూస్తారు, అన్నం గిన్నెను మాత్రం పల్లెత్తు మాట అనరు.

ఇక నోరు దాటి లోపలికి వెళ్దాం. అక్కడ ఈ ఆకు మూడు పనులు చేయొచ్చని పరిశోధకులు అంటున్నారు. పేగులో గ్లూకోజు రక్తంలోకి ఎక్కే వేగాన్ని తగ్గించడం ఒకటి. జంతువుల పేగుల మీద ఇది కనిపించింది. క్లోమంలోని బీటా కణాలతో మరింత ఇన్సులిన్ వదిలించడం రెండోది. ఆ కణాలు దెబ్బతిన్నచోట తిరిగి మొలిపించడం మూడోది. రెండోదాని గురించి లండన్ పరిశోధకులు 1999లో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. గాజుపాత్రలో బీటా కణాల మీద ఈ సారం పోస్తే ఇన్సులిన్ బయటికి వచ్చిన మాట నిజమే. అయితే కణం తనంత తాను వదలడం వల్ల కాదు, కణం పొర చిల్లులు పడి కారడం వల్ల. సపోనిన్లకు పొరలను వదులు చేసే గుణం ఉంటుంది మరి. ఆ తరవాత అదే ఆకు నుంచి వేరే విధంగా తీసిన సారంతో చేసిన పనిలో కణాలు దెబ్బతినకుండానే ఇన్సులిన్ వచ్చిందని చూపించారు. అంటే ఆకు ఒకటే అయినా, సారం తీసిన పద్ధతిని బట్టి అది మందూ కావచ్చు, కణానికి దెబ్బా కావచ్చు. 'మా పొడిలోనూ పొడపత్రే ఉంది' అన్న ఒక్క మాటతో తేలే వ్యవహారం కాదిది.

మూడోది, కణాలు మళ్లీ మొలవడం, ప్రచారంలో అన్నిటికన్నా ఎక్కువ పలుకుబడి ఉన్నది. దీని మూలం 1990లో మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకల మీద చేసిన పని. రసాయనం ఎక్కించి ఎలుకల క్లోమాన్ని దెబ్బతీసి, తరవాత పొడపత్రి సారం ఇస్తే బీటా కణాల సంఖ్య పెరిగినట్టు కనిపించింది. ఆ వ్యాసం పేరులోనే వాళ్లు 'బహుశా' అన్న అర్థం వచ్చే మాట వేసుకున్నారు. ముప్ఫై అయిదేళ్లలో ఆ 'బహుశా' ఎక్కడో జారిపోయింది. ప్యాకెట్ల మీద 'క్లోమాన్ని పునరుజ్జీవింపజేస్తుంది' అని అచ్చయింది. మనుషుల క్లోమంలో అలా జరిగిందని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. ఎలుక నాలుకకూ మన నాలుకకూ ఉన్న తేడా పైన చూశాం. క్లోమం విషయంలో ఆ తేడా ఉండదని ఎవరు చెప్పగలరు?

ఆ మద్రాసు బృందమే మనుషుల మీదా పనిచేసింది. అందరూ ఎత్తిచూపే అధ్యయనం అదే కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం. టైప్-2 మధుమేహం ఉన్న 22 మందికి, వాళ్లు అప్పటికే వేసుకుంటున్న మాత్రలతో పాటు, జీఎస్-4 అనే ఆకు సారం రోజుకు 400 మిల్లీగ్రాములు, 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితం దాదాపు 12 నుంచి 8.5కి దిగింది. అయిదుగురు మాత్రలు పూర్తిగా మానేసి సారం మీదే ఉండగలిగారు. మరో అధ్యయనంలో ఇన్సులిన్ వేసుకునే 27 మందికి అదే సారం ఇస్తే వాళ్లకు కావలసిన ఇన్సులిన్ మోతాదు తగ్గింది.

ఇవి తీసిపారేసే అంకెలు కావు. అయితే మూడు సంగతులు మనసులో పెట్టుకుని చదవాలి. చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా మనుషుల్ని విడదీసి, సగం మందికి ఉత్తుత్తి మాత్రలిచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో డాక్టరుకూ రోగికీ తెలియకుండా చేసిన పరీక్ష కాదది. కొత్త మందు మొదలెట్టిన మనిషి అదే ఊపులో నడక మొదలెడతాడు, కాఫీలో పంచదార మానేస్తాడు. పైగా ప్రతి నెలా పరీక్షలకు పిలుస్తుంటే ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. ఎంత తగ్గుదల ఆకుది, ఎంత మనిషిది అన్నది విడదీయడం అసాధ్యం. రెండోది, 22 మంది అంటే ఒక మినీబస్సుకు సరిపోయేంత జనం. మూడోది ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: 8.5 అంటే ఇప్పటి ప్రమాణాల్లో షుగర్ అదుపులో ఉన్నట్టు కాదు. చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం 7 లోపు. అంటే అత్యుత్తమ ఫలితంగా చెప్పుకునే చోట కూడా సగటు రోగి ఇంకా ప్రమాదపు గీత అవతలే ఉన్నాడు.

తరవాత వచ్చిన అధ్యయనాలను పోగుచేసి 2021లో ఒక సమీక్ష వెలువడింది. పది అధ్యయనాలు, మొత్తం 419 మంది. పరగడుపు షుగరూ, తిన్న తరవాతి షుగరూ, హెచ్‌బీఏ1సీ మూడూ తగ్గినట్టే తేలింది. అధ్యయనాలు చిన్నవి, పద్ధతులు ఒకదానికొకటి పొసగనివి. ఒకరు పొడి ఇచ్చారు, ఒకరు సారం ఇచ్చారు. కాబట్టి నా తీర్పు ఇది: పొడపత్రి రక్తంలో చక్కెరను కొంత తగ్గించవచ్చు, ఆ అవకాశం గట్టిగానే ఉంది. ఎవరికి, ఎంత మోతాదులో, ఎన్నేళ్లు, ఏ ముప్పుతో అన్న ప్రశ్నలకు మాత్రం జవాబుల్లేవు.

ఇంకో మాట. షుగర్‌కి మందు వేసుకునేది అంకె తగ్గించుకోవడానికి కాదు. కళ్లు, మూత్రపిండాలు, కాళ్ల నరాలు, గుండె కాపాడుకోవడానికి. బ్రిటన్‌లో 1977లో మొదలై ఇరవై ఏళ్లు నడిచిన యూకేపీడీఎస్ అనే అధ్యయనంలో అయిదు వేల మందికి పైగా రోగుల్ని గమనించారు. మామూలు మాత్రలతో, ఇన్సులిన్‌తో చక్కెర అదుపులో పెట్టినవాళ్లకు కంటి, మూత్రపిండాల జబ్బులు తక్కువగా వచ్చాయని 1998లో తేల్చారు. పొడపత్రి వాడినవాళ్ల కళ్లు నిలిచాయా, కిడ్నీలు నిలిచాయా అని అలా ఏళ్ల తరబడి చూసిన పరీక్ష ఒక్కటీ లేదు. మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని 2023లో ఇండియాబ్ సర్వే లెక్క చెప్పింది. ఇంతమంది జబ్బుకు ఇంట్లోనే ఆకు ఉందని చెప్పుకుంటూ, దానిమీద పెద్ద పరీక్ష ఒక్కటీ చేయించుకోలేకపోవడం మన లోపం, ఆకు లోపం కాదు.

ఆకుల్లోంచి మందులు రావని ఎవరూ అనడం లేదు. ఈ రోజు షుగర్ ఉన్నవాడికి డాక్టరు మొట్టమొదట రాసే మెట్‌ఫార్మిన్ పుట్టుక ఒక మొక్క దగ్గరే ఉంది. యూరప్ పచ్చికబయళ్లలో పెరిగే గలెగా అనే మొక్కను అక్కడి నాటువైద్యులు వాడేవారు. దాంట్లో చక్కెరను తగ్గించే గలెగిన్ అనే పదార్థం ఉందని తేలింది, దాంతోపాటే అది విషమనీ తేలింది. దాని చుట్టాల్లాంటి రసాయనాలను తయారుచేస్తూ పోతే 1922లో మెట్‌ఫార్మిన్ తయారైంది. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దాన్ని రోగుల మీద వాడిన ఫలితాలు ప్రకటించాడు. మధ్యలో ముప్ఫై అయిదేళ్లు. ఇవాళ ఎవరూ గలెగా ఆకు నూరుకుని తాగరు, 500 మిల్లీగ్రాముల మాత్ర మింగుతారు. ప్రతి మాత్రలో అంతే ఉంటుంది. పొడపత్రి ఇంకా ఆ దారిలో మొదటి మలుపు దగ్గరే ఉంది.

మోతాదు అన్నాం కాబట్టి బజారు సంగతి కూడా చెప్పుకోవాలి. పరిశోధనల్లో వాడిన 400 మిల్లీగ్రాములు ఆకు కాదు, ఆకులోంచి సాంద్రంగా తీసిన సారం. అంగట్లో దొరికే ఆకు పొడి చెంచాడు వేసుకుంటే అందులో జిమ్నెమిక్ ఆమ్లాలు ఎన్ని ఉన్నాయో చెప్పలేం. కోసిన కాలాన్ని బట్టి, పెరిగిన నేలను బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి మారుతుంటాయి. ఆకు పేరే మారిపోయే సందర్భాలూ ఉన్నాయి. పెరట్లో కుండీలో మెట్లమెట్లుగా మెలితిరిగి పెరిగే 'ఇన్సులిన్ మొక్క' పొడపత్రి కాదు, అది కాస్టస్ జాతి మొక్క, పసుపు, అల్లాలకు దగ్గరి చుట్టం. ఆకు నమిలితే తియ్యగా ఉంటే అది స్టీవియా, సరిగ్గా దీనికి ఎదురు గుణం. కొన్న పొడి నిజంగా పొడపత్రేనా అని చూడటానికి మీ నాలుకే పరీక్షశాల: చిటికెడు పొడి నాలుక మీద పరిచి నిమిషం ఉంచి, ఊసేసి, పంచదార వేసుకోండి. తీపి మామూలుగానే తెలిస్తే మీ డబ్బులు దండగ. ఇది ఆకు ఉందో లేదో చెప్పే పరీక్షే గానీ, అందులో ఇంకేం కలిపారో చెప్పదు.

ఆ 'ఇంకేం' చిన్న విషయం కాదు. 2000లో అమెరికాలో షుగర్‌కంటూ అమ్మిన కొన్ని చైనా మూలికల మాత్రల్లో గ్లైబురైడ్, ఫెన్‌ఫార్మిన్ అనే అల్లోపతి మందులు దొరికాయి. ఫెన్‌ఫార్మిన్ ప్రాణాంతకమని అంతకు ఇరవై ఏళ్ల ముందే అక్కడ మార్కెట్టులోంచి తీసేసిన మందు. 'మూలికల పొడి వారంలోనే షుగర్‌ని సగం చేసింది' అన్న మాట ఎవరైనా అంటే నాకు ముందు వచ్చేది ఆ అనుమానమే. ఆకులు అంత దూకుడుగా పనిచేయవు.

పొడపత్రి కలిసిన ప్రభుత్వ తయారీలూ ఉన్నాయి. ఆయుర్వేద పరిశోధన మండలి వారి ఆయుష్-82లో మామిడి జీడి, నేరేడు గింజ, కాకర గింజ, శిలాజిత్తుతో పాటు ఈ ఆకు ఉంది. సీఎస్ఐఆర్ ప్రయోగశాలల్లో రూపుదిద్దుకుని 2015లో బజారుకెక్కిన బీజీఆర్-34లోనూ ఉంది. కనీసం లోపల ఏముందో డబ్బా మీద రాసి ఉంటుంది, అది సంచీ పొడి కన్నా మేలు. రక్షణకు అదొక్కటే చాలదు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మందులు, మంత్రతంత్ర చికిత్సల చట్టం కింద నేరం. ఆ చట్టం షెడ్యూలులో మధుమేహం పేరు పెట్టి మరీ ఉంది. మీ ఫోనులో అలాంటి ప్రకటన కనిపిస్తే ఆ అమ్మకందారు మొదటి అడుగే చట్టం మీద వేశాడన్నమాట.

ఇక జాగ్రత్తల దగ్గరికి. మా వీధిలో ఒక పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటారు. ఎవరో చెబితే పొద్దున్నే పొడపత్రి కషాయం మొదలెట్టారు. ఒక ఏకాదశినాడు ఉపవాసం. మాత్ర మానలేదు, కషాయం మానలేదు, తిండి మానేశారు. పదకొండింటికి వాళ్ల ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి, "బాబూ, మీ మావయ్యగారు నీరసంగా ఉందంటున్నారు, పలికితే సరిగా పలకడం లేదు, ఒళ్లంతా చెమటలు" అన్నారు. గ్లూకోమీటరులో 48. పంచదార నీళ్లు తాగిస్తే పావుగంటలో మనిషి లేచి కూర్చుని "ఏమిటర్రా అంతా ఇక్కడున్నారు?" అన్నారు. ఆ 48లో మాత్ర వాటా ఎంత, ఉపవాసం వాటా ఎంత, కషాయం వాటా ఎంత అన్నది నేను చెప్పలేను. ఆ మాత్ర, ఆ ఉపవాసం రెండూ చాలు అంత పని చేయడానికి. మూడోది వాటికి తోడవడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

గ్లిమెపిరైడ్, గ్లైబురైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ రక్తంలో చక్కెరను ఉండాల్సిన దానికన్నా కిందికి లాగగలవు. పొడపత్రి వాటికి తోడైతే ఆ ముప్పు పెరుగుతుంది. 70 కన్నా దిగితే చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబాటు వస్తాయి. అప్పుడు మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఈ ఆకు నమిలేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అప్పుడే ఆకు నమిలి ఉంటే గ్లూకోజు నీళ్లు తియ్యగా తగలవు, 'ఇదేదో ఒట్టి నీళ్లలా ఉంది' అని పక్కన పెట్టేస్తారు. రుచి తెలియకపోయినా తాగాల్సిందే. నాలుకకు తెలియకపోయినా పేగుకు తెలుస్తుంది.

టైప్-1 ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపి ఆకు ఇవ్వడం ప్రాణం తీసే పని. వాళ్ల శరీరంలో ఇన్సులిన్ తయారవ్వదు. ఆపేస్తే కొద్ది రోజుల్లోనే, కొన్నిసార్లు గంటల్లోనే, రక్తం ఆమ్లంగా మారి ఐసీయూ దాకా తీసుకెళ్తుంది. మద్రాసు పరిశోధకులు కూడా ఇన్సులిన్ ఆపి ఆకు ఇవ్వలేదు, ఇన్సులిన్‌కు తోడుగా ఇచ్చారు. ఈ ఒక్క వాక్యం ఊళ్లలో పసరు ఇచ్చేవాళ్ల చెవిన ఎవరైనా వేస్తే బాగుండు.

కాలేయం సంగతీ ఉంది. పొడపత్రి వాడిన ఒక మధుమేహ రోగికి కాలేయం వాచిపోయిన సంఘటనను 2010లో ఇజ్రాయెల్ వైద్యులు వైద్య పత్రికలో నమోదు చేశారు. లక్షలమంది వాడే ఆకుకు అలాంటివి అరుదే. కానీ మూత్రం ముదురు పసుపు రంగుకు తిరిగినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది క్షేమమని చూపించిన ఆధారం లేదు కాబట్టి వాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మానేయమంటారు, మత్తులో ఉన్న మనిషికి షుగర్ పడిపోతే లక్షణాలు చెప్పలేడు కదా.

ఇంత చదివాక కూడా వాడి చూస్తానంటే తప్పు పట్టను. మీ డాక్టరుకు చెప్పి మొదలెట్టండి. 'ఇంకేమైనా మందులు వాడుతున్నారా' అని ఆయన అడిగితే చాలామంది లేదనే అంటారు, ఆకును మందుల లెక్కలో వేయరు కాబట్టి. ప్యాకెట్టు వెంట తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. వేసుకుంటున్న మాత్రను మీ అంతట మీరు తగ్గించొద్దు. ఆకు మొదలెట్టిన వారంలోనే నడకా, రాగిజావా, మెంతులూ అన్నీ మొదలెడితే దేనివల్ల తగ్గిందో ఎన్నటికీ తేలదు, ఒక్కటొక్కటిగా చేయండి. మొదటి వారాల్లో గ్లూకోమీటరుతో తరచుగా చూసుకోండి, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చేయించండి. దిగకపోతే ఆ డబ్బు కూరగాయలకు పెట్టండి.

నాలుకకు వాడుకోవడమైతే నాకు ఏ అభ్యంతరమూ లేదు. పెళ్లి భోజనానికి ముందు రెండాకులు నమిలితే పప్పు, పులుసు, పెరుగు మామూలుగానే ఉంటాయి, బొబ్బట్టు మాత్రం ఉడికిన పప్పు ముద్దలా తగులుతుంది, రెండోది వేయించుకోవాలనిపించదు. కాకపోతే మన విస్తట్లో తీపే ముందు పడుతుంది కనుక, నమలాల్సింది బంతిలో కూర్చున్నాక కాదు, చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడే.